మూడవనాడు చేతికి పార
– ఒక విశ్రాంత ఉద్యోగి, మెయింటెనెన్స్ విభాగం

తూర్పు ఆఫ్రికాలో విస్తృతంగా మాట్లాడే స్వాహిలీ భాషలో ఒక సామెత ఉన్నది: "మ్గేని సికు మ్బిలి, సికు యా తాతు మ్పే జెంబే." అతిథి రెండు రోజులే అతిథి, మూడవనాడు అతని చేతికి పార ఇవ్వాలి అని దీని తాత్పర్యం. టాంజానియా ప్రజలు "మ్వాలిము", అనగా గురువు, అని గౌరవంగా పిలుచుకొన్న వారి తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే 1962లో రాసిన ఒక వ్యాసంలో ఈ సామెతను ప్రస్తావించారు. మా అమ్మాయి, అల్లుడు ఆ దేశంలో రెండు సంవత్సరాలు స్వచ్ఛంద సేవకులుగా గడిపారు. 2019 జూలైలో నేనూ, నా శ్రీమతీ వారింట నెల రోజులు ఉండి వచ్చాము. అక్కడ చూసినవీ, విన్నవీ మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకొంటున్నాను. అవకాశం కల్పించిన సంపాదకవర్గానికి కృతజ్ఞుడను.

అంగీకరించలేకపోయిన ఆదివారం

2017 చివరలో ఒక ఆదివారం పిల్లలిద్దరూ కడపలోని మా ఇంటికి వచ్చారు. అప్పటికి వారికి వివాహమై ఏడాదిన్నర. అల్లుడు మెకానికల్ ఇంజనీరు, హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో మంచి ఉద్యోగం. అమ్మాయి గణితం ఉపాధ్యాయిని. భోజనాలైన తరువాత అమ్మాయి విషయం చెప్పింది. ఒక అంతర్జాతీయ సేవాసంస్థ తరఫున టాంజానియాలో పనిచేయడానికి ఇద్దరూ ఎంపికయ్యారట. జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులు, ఉండడానికి ఇల్లు, సాదాసీదాగా బతకడానికి సరిపడే భత్యం మాత్రమే ఇస్తారట.

నాకు కోపం వచ్చిన మాట దాచను. "నాలుగు రాళ్ళు వెనకేసుకోవలసిన వయసులో ఉద్యోగాలు వదులుకొంటారా? సేవ చేయడానికి మన పల్లెలలో చోటు కరువైందా?" అన్నాను. అల్లుడు తల దించుకొని కూర్చున్నాడు. అమ్మాయి మాత్రం నిదానంగా, "నాన్నా, మన ప్రాజెక్టు కట్టేటప్పుడు సోవియట్ ఇంజనీర్లు కుటుంబాలతో వచ్చి మన కాలనీలోనే ఉండి పని నేర్పారని మీరే కదా చెప్పేవారు. వాళ్ళ దేశంలో పని లేకనా వాళ్ళు వచ్చింది?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అయినా మనసు ఒప్పుకోలేదు. విమానాశ్రయానికి నా శ్రీమతి వెళ్ళింది, నేను వెళ్ళలేదు. ఈ మాట రాయడానికి నేడు సిగ్గుపడుతున్నాను.

తరువాత కొంత చదివి తెలుసుకొన్నాను. బ్రిటనులో 1958లో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ దంపతులు యువకులను ఇతర దేశాలకు సేవకులుగా పంపే సంస్థను ప్రారంభించారు. 1961లో అమెరికాలో పీస్ కోర్ వెలిసింది. దాని సేవకులు 1976 వరకు మన దేశంలోనూ పనిచేశారు. మన ప్రభుత్వం 1964లో ఐటెక్ పథకం ద్వారా వర్ధమాన దేశాలవారికి శిక్షణ ఇవ్వడం, మన నిపుణులను అక్కడికి పంపడం మొదలుపెట్టింది. 1970లో ఐక్యరాజ్యసమితి తన సొంత వాలంటీర్ల కార్యక్రమాన్ని ఏర్పాటు చేసింది. మా పిల్లలు నడిచిన బాట కొత్తది కాదు. కొత్తదల్లా మా ఇంటికే.

ఇరింగాకు ప్రయాణం

దార్ ఎస్ సలాం నుంచి ఇరింగా సుమారు 500 కిలోమీటర్లు. తెల్లవారకముందే బస్సెక్కితే సాయంకాలానికి చేరుతాము. మొరోగొరో దాటిన తరువాత రహదారి మికూమి జాతీయ వనం మధ్యనుంచే పోతుంది. బస్సు కిటికీలోనుంచి జిరాఫీలనూ, ఏనుగులనూ చూసి నా శ్రీమతి చిన్నపిల్ల అయిపోయింది. ఆపైన బొంతలాంటి బెరడుతో, పీపాలవంటి మానులతో బవొబాబ్ చెట్ల లోయ, దాని తరువాత కిటోంగా ఘాట్ రోడ్డు. ఇరింగా పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉండడంవల్ల జూలై వారికి చలికాలం. ఆఫ్రికా అంటే ఎండ అనుకొని నూలు చొక్కాలతో వెళ్ళిన నేను మొదటి రాత్రే అల్లుడి స్వెట్టరు అడిగి వేసుకోవలసి వచ్చింది.

ఇది హెహె జాతివారి సీమ. వారి నాయకుడు మ్క్వావా 1891లో జర్మను సైన్యాన్ని లుగాలో వద్ద ఓడించాడు. 1898లో చుట్టుముట్టినప్పుడు పట్టుబడక ప్రాణాలు తీసుకొన్నాడు. ఆయన కపాలంగా గుర్తించినదాన్ని 1954లో ఐరోపానుంచి తిరిగి తెచ్చారు. ఇరింగాకు చేరువలోని కలెంగా మ్యూజియంలో ఉంచారు. పరాయివారు వచ్చి తమకు మేలు చేస్తామంటే ఈ నేలమీది మనుషులు ఒక్క క్షణం ఆగి చూస్తారంటే ఆశ్చర్యం లేదు.

తొమ్మిది గంటల విందు

పిల్లల ఇల్లు ఇరింగా పట్టణానికి దూరంగా ఒక పల్లెలో ఉన్నది. ఇటుక గోడలు, రేకుల కప్పు, రెండు గదులు. బయట బొగ్గుల కుంపటి. దానిని "జికో" అంటారు. నీళ్ళు 20 లీటర్ల బకెట్లతో తెచ్చుకోవాలి. విద్యుత్తు ఉన్నది. విద్యుత్ సంస్థలో జీవితం గడిపిన నా కళ్ళు ముందు మీటరు మీదకే పోయాయి. "లుకు" అనే ఆ మీటరుకు ముందుగా డబ్బు కట్టి, వచ్చిన 20 అంకెల సంఖ్యను మీటలు నొక్కి ఎక్కించాలి. డబ్బు అయిపోతే దీపం ఆరిపోతుంది. బిల్లు బకాయి అనే మాటే లేదు! సెల్‌ఫోనులోనే కొనుగోలు. మన దగ్గర వసూళ్ళకోసం పడిన పాట్లు గుర్తుకువచ్చి నవ్వుకొన్నాను.

దినచర్య సూర్యునితో మొదలవుతుంది. గడియారమూ అంతే. స్వాహిలీ లెక్కలో ఉదయం ఏడు "ఒంటిగంట". మన పెద్దలు సూర్యోదయాది గడియలు లెక్కించినట్లే. ఇది తెలియక ఒక చిన్న భంగపాటు జరిగింది. పక్కింటి పెద్దావిడను అందరూ "బీబీ", అంటే అమ్మమ్మ, అని పిలుస్తారు. ఆమె "సా తిసా"కు భోజనానికి రమ్మన్నది. తిసా అంటే తొమ్మిది అని నాకు అప్పటికే తెలుసు. మరునాటి ఉదయం తొమ్మిదికల్లా నా శ్రీమతి పట్టుచీర కట్టుకొని, నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కొని బీబీ వాకిట్లో నిలబడ్డాము. ఆవిడ పొలానికి వెళ్ళింది. మధ్యాహ్నం అమ్మాయి బడినుంచి వచ్చి, పొద్దెక్కిన తొమ్మిదవ గంట అంటే మన మూడు గంటలని చెప్పిన దాకా ఆకలితో కూర్చున్నాము.

విందులో వడ్డించినది "ఉగాలి", మొక్కజొన్న పిండి ముద్ద. మా సీమలో సంగటి తిని పెరిగిన నాకు అది కొత్త కాలేదు. పక్కన "మ్చీచా" కూర. తిని చూస్తే తోటకూర! చింతపండును "ఉక్వాజు" అంటారు. పులుసు పెట్టరు, పానకంలా తాగుతారు. నా శ్రీమతి బీబీకి పులుసు నేర్పింది, బీబీ ఆమెకు ఉగాలి తిప్పడం నేర్పింది. వారిద్దరి మధ్య భాష లేదు, గరిటె ఉన్నది.

మాటలలోనూ చుట్టరికం కనిపించింది. గోనెసంచిని "గునియా" అంటారు, రంగును "రంగి", ఇన్సూరెన్సును "బీమా", లక్షను "లాకి". శతాబ్దాలుగా రుతుపవనాలమీద ఓడలు నడిపిన వర్తకుల పుణ్యమది. చిన్నవారు పెద్దలకు "షికమో" అని నమస్కరిస్తారు. కాళ్ళకు మొక్కుతున్నానని దాని మూలార్థమంటారు. పెద్దలు "మరహబా" అని స్వీకరించి తీరాలి. దారిన పోయే ప్రతి పిల్లవాడూ "షికమో" అంటూంటే నాకు మా తాతగారి ఊరు గుర్తుకువచ్చింది.

ఈ బంధుత్వానికి రెండవ ముఖమూ ఉన్నది. ఇరింగా బజారులో ఒక ధాన్యం దుకాణదారు నేను ఇండియావాడినని తెలుసుకొని, "మీ దేశం మా కందులు కొనడం ఎందుకు తగ్గించింది?" అని నిలదీశాడు. మన దేశంలో కంది విరగపండిన తరువాత, మన రైతు నష్టపోకుండా 2017 ఆగస్టులో దిగుమతులకు ఏడాదికి రెండు లక్షల టన్నుల పరిమితి విధించారు. ఆ దెబ్బకు టాంజానియాలో ధర కుప్పకూలింది. అతని తమ్ముడు దక్షిణాన మ్త్వారాలో కంది రైతట. మన రైతుకు మేలు చేసిన ఉత్తర్వు మరొక రైతు ఇంట పొయ్యి ఆర్పిందని నేను ఏనాడూ ఆలోచించలేదు. ఆ పూట అమ్మాయి వండిన పప్పు నాకు సరిగా మింగుడుపడలేదు.

త్రికోణం, పెంబెతాతు

అమ్మాయి పని ఒక ప్రభుత్వ సెకండరీ పాఠశాలలో. అప్పట్లో టాంజానియాలో ఏడేళ్ళ ప్రాథమిక విద్య ప్రభుత్వ బడులలో స్వాహిలీలో సాగేది. సెకండరీలో అడుగుపెట్టగానే బోధన ఇంగ్లీషులోకి మారుతుంది. 2016 నుంచి సెకండరీ నాలుగు తరగతులకూ ఫీజులు రద్దుచేయడంతో బీద పిల్లలు పెద్దసంఖ్యలో చేరారు. మా అమ్మాయి తరగతిలో 80 మందికి పైగా ఉండేవారు. బెంచీకి నలుగురు.

ఒక రోజు నేను వెనుక బెంచీలో కూర్చున్నాను. ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే గది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు చాలా బాగా తెలుసు. పదవ తరగతి వరకు తెలుగులో చదివి, పాలిటెక్నిక్‌లో చేరిన మొదటి నెల నేనూ అలాగే మౌనంగా కూర్చున్నాను. లంబకోణం తెలుసు, "రైట్ యాంగిల్" తెలియదు. మందబుద్ధి అని లెక్చరరు అనుకొన్నాడు. కొంతకాలానికి నేనూ అనుకొన్నాను.

అమ్మాయి, తనతోపాటు పాఠం చెప్పే అక్కడి ఉపాధ్యాయుడు కలిసి అట్టలమీద రెండు వరుసలలో మాటలు రాసి గోడలకు కట్టారు. ఒక వైపు స్వాహిలీ, ఎదురుగా ఇంగ్లీషు. త్రిభుజం "పెంబెతాతు". పెంబె అంటే మూల, తాతు అంటే మూడు. అచ్చంగా మన త్రికోణమే. వృత్తం "దువారా", దీర్ఘచతురస్రం "మ్స్తతిలి". పిల్లలు ముందు తమ భాషలో ఆలోచిస్తారు, తరువాత అట్ట చూసి ఇంగ్లీషులో చెబుతారు. చివరి బెంచీలోని ఒక బాలిక లేచి, అట్టవైపు రెండుసార్లు చూసి, సరైన సమాధానం చెప్పి కూర్చున్నది. అంతే జరిగింది. నా కళ్ళు మాత్రం చెమర్చాయి.

"తరగతి నువ్వే తీసుకొంటే ఇంకా చురుకుగా సాగదా?" అని ఆ సాయంత్రం అడిగాను. "సాగుతుంది నాన్నా. నేను వెళ్ళిన మరునాడు ఆగిపోతుంది" అన్నది. సామెత చెప్పింది అప్పుడే. "మూడవనాడు మన చేతికి పార ఇచ్చారని వాళ్ళ పొలమంతా మనమే దున్నితే ఎలా? వాళ్ళతో పాటే దున్నాలి."

బోరింగు కథ

ఈ మాట వెనుక ఒక కథ ఉన్నది. అది అల్లుడే స్వయంగా, ఏమీ దాచకుండా చెప్పాడు.

అతని పని పల్లెలలోని బోరింగు పంపుల నిర్వహణలో గ్రామ నీటి సంఘాలకు తోడ్పడడం. ఆ పంపులలో కొన్ని మనం మన ఊళ్ళలో చూసే ఇండియా మార్క్ 2 రకానివే. 1970లలో షోలాపూర్ పంపు నమూనాను మెరుగుపరచి, యునిసెఫ్ సహకారంతో, మద్రాసులో రిచర్డ్సన్ అండ్ క్రడ్డాస్ అనే ప్రభుత్వరంగ సంస్థ దాని తొలి నమూనాలు తయారుచేసింది. కోయంబత్తూరు ప్రాంతంలో పరీక్షించిన ఆ పంపు కాలక్రమాన ఆఫ్రికాలోని అనేక దేశాలకు చేరింది. మనవంటి ఒక ప్రభుత్వరంగ సంస్థ కార్మికుల చెమట అన్ని దేశాలలో నీరై పారుతున్నదంటే మనకు గర్వకారణమే. అయితే ఎంత మంచి పంపైనా పిస్టన్‌లోని కప్ వాషరు అరిగితే నీరు రాదు. ఆ చిన్న వాషరు మార్చడానికి పైపులన్నీ పైకి లాగాలి. విడిభాగమో, పనిముట్టో, పని తెలిసిన మనిషో లేక, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో మూడవ వంతు చేతిపంపులు మూలపడి ఉన్నాయని 2009 నాటి ఒక అంచనా.

వచ్చిన కొత్తలో ఒక పల్లెలో పంపు ఆగిపోతే అల్లుడు ఒక్క రోజులో బాగుచేశాడు. ఊరంతా చేరి చప్పట్లు కొట్టారు. అతనికి "ఫుండి", అంటే మేస్త్రి, అని పేరు పెట్టారు. తరువాత మరి రెండు పల్లెలు. ఎవరు పిలిచినా మోటారు సైకిలుమీద వెళ్ళి, చొక్కా చేతులు మడిచి, తానే దిగేవాడు. "ఆ రోజులలో నాకు చాలా గొప్పగా ఉండేది, మామయ్యగారూ" అన్నాడు.

2019 జనవరిలో, వర్షాకాలంలో, దిగువ లోయ పల్లెలు తిరిగివచ్చి మలేరియాతో మంచం పట్టాడు. దోమనుంచి మలేరియా సోకే మర్మాన్ని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే ఛేదించడం మొదలుపెట్టాడు. ఆ వ్యాధి మాత్రం ఇంకా మనుషులను వదలలేదు. మందులు సకాలంలో అందాయి కాని, నీరసం తగ్గి లేవడానికి మూడు వారాలు పట్టింది. ఈ సంగతి వారు మాకు అప్పట్లో చెప్పనే లేదు.

లేచి వెళ్ళేసరికి మొదటి పల్లె పంపు మళ్ళీ చెడిపోయి ఉన్నది. మూడు వారాలూ ఎవరూ దానిని ముట్టలేదు. ఫుండి వస్తాడని ఎదురుచూస్తున్నారు. ఆడవారు బురదనీటి వాగునుంచి బకెట్లు మోస్తున్నారు. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకొన్నాయి. నేను రాకముందు ఇక్కడ చేతనో కాకనో ఎవరో ఒకరు ప్రయత్నించేవారు, నేను వచ్చి ఆ ప్రయత్నం కూడా మాన్పించాను అని అతనికి అప్పుడు తోచిందట. "పంపు బాగుచేశాను గాని, ఊరిని పాడుచేశాను" అన్నాడు.

ఆనాటినుంచి పద్ధతి మార్చాడు. ఊరివారు సమావేశమై, నీరు తోడుకొనే ప్రతి ఇంటినుంచి నెలనెలా కొద్ది మొత్తం వసూలు చేసి దాచడం మొదలుపెట్టారు. వాషర్లు ఇరింగా దుకాణంలో వారే కొని ఉంచుకొన్నారు. ఇద్దరు స్త్రీలు, ఒక యువకుడు పని నేర్చుకొన్నారు. పైపులు లాగడం, పిస్టన్ విప్పడం, మళ్ళీ బిగించడం నాలుగుసార్లు చేయించాడు. అయిదవసారి చేతులు కట్టుకొని దూరంగా నిలబడ్డాడు. అదే అన్నిటికన్నా కష్టమైన పని అన్నాడు.

"నీళ్ళు వస్తున్నాయి కదా!"

మా తిరుగు ప్రయాణానికి వారం ముందు ఆ పల్లె చూపిస్తానని నన్ను తీసుకువెళ్ళాడు. బోరింగు దగ్గర ఆడవారు వరుసలో ఉన్నారు. పంపు ధారాళంగా పోస్తున్నది. పక్కన కంచె తీగకు అరిగిపోయిన వాషరు ఒకటి వేలాడుతున్నది. అల్లుడు దానిని చేతిలోకి తీసుకొని చూసి, ఎప్పుడు మార్చారని అడిగాడు. నాలుగు రోజులైందట. పైపులు లాగారు, వాషరు వేశారు, మధ్యాహ్నానికి ముగించారు.

"నాకు ఒక్క మాటయినా చెప్పలేదే?" అన్నాడు.

పని నేర్చుకొన్న స్త్రీ బకెట్టు తలకెత్తుకొంటూ, "చెప్పడానికి ఏమున్నది? నీళ్ళు వస్తున్నాయి కదా!" అన్నది. వెనుకనుంచి ఎవరో ఆమెను "ఫుండీ!" అని పిలిచారు. అల్లుడు అలవాటుగా తల తిప్పి, పిలుపు తనకు కాదని గ్రహించి నవ్వాడు.

ఆ రాత్రి భోజనం దగ్గర అతను కొంత మౌనంగా ఉన్నాడు. "సంతోషించవలసిన సంగతే మామయ్యగారూ. అయినా మనసులో ఎక్కడో చివుక్కుమన్నది" అన్నాడు. ఆ మాటలోని నిజాయితీ నన్ను తాకింది. ఎందుకంటే నేను పదవీ విరమణ చేసిన తరువాత రెండు సంవత్సరాల వరకు ప్లాంటునుంచి నాకు ఫోన్లు వచ్చేవి. టర్బైన్‌లో ఏ చిన్న శబ్దం వచ్చినా "మీరైతే ఏం చేసేవారు సార్?" అని అడిగేవారు. నేను లేనిదే గడవడం లేదని ఇంటిల్లిపాదికీ చెప్పుకొని మురిసిపోయేవాడిని. 34 సంవత్సరాలలో నేను చేసిన లోపం ఆ ఫోన్లలోనే ఉన్నదని ఆ రాత్రి, ఆ రేకుల ఇంట్లో, నాకు మొదటిసారి అర్థమైంది.

ఇంకొకటి కూడా స్ఫురించింది. మా యూనిట్ నిర్మాణ కాలంలో ఒక సోవియట్ నిపుణుడు చివరి ఆరు నెలలూ కోటు జేబులలో చేతులు పెట్టుకొని మా వెనుక నిలబడేవాడు. ఏ పనిముట్టూ ముట్టేవాడు కాదు. జీతం తీసుకొని పని ఎగ్గొడుతున్నాడని మేము కుర్రవాళ్ళం చాటున నవ్వుకొనేవాళ్ళం. అతను వెళ్ళిపోయిన వారానికే యూనిట్ ఆగింది. మేమే విప్పాము, మేమే సరిచేశాము. మాస్కోకు ఫోను చేయాలన్న ఆలోచనే మాకు రాలేదు.

మా అమ్మాయి, అల్లుడు 2019 డిసెంబరులో స్వదేశానికి తిరిగివచ్చారు. ఈసారి విమానాశ్రయానికి నేను వెళ్ళాను. ఇద్దరూ బరువు తగ్గి ఉన్నారు. చేతిలో డబ్బు లేదు. అల్లుడికి మళ్ళీ ఉద్యోగం దొరకడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ నష్టం నష్టమే. నేడు వారు హైదరాబాదులో ఉన్నారు. మాటవరుసకు షికమో అనే మా మనుమరాలికి నేను మరహబా అంటుంటాను. పండుగలకు బీబీ మనుమడు ఫోను చేస్తాడు. వానలు, పెళ్ళిళ్ళు, మొక్కజొన్న ధర, అన్నీ మాట్లాడుకొంటారు.

బోరింగు గురించి మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఫోను చేయలేదు.